టూవీటూ ఫైటింగ్ గేముల్లో జోడీగా ఆడటం ఎలా: సామాను నుంచి రీప్లే దాకా

వన్‌వీవన్‌లో (ఒకరికి ఒకరు) మంచి ఆటగాళ్లైన ఇద్దరు టూవీటూలో (ఇద్దరికి ఇద్దరు) జోడీ కట్టగానే వరసగా ఓడిపోవడం మామూలే. చేతులు బాగానే ఉంటాయి. ఒకడు కొడుతుంటే రెండోవాడు ఏం చేయాలన్నది ఇద్దరికీ తెలియదు, అంతే. ఈ మార్గదర్శి మొత్తం ఆ రెండోవాడి పని గురించే.

ఉదాహరణలు ఎక్కువగా బ్రాల్‌హల్లావి. అది ఉచితం, ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, ఫోన్‌వాడు పీసీవాడితో కలిసి ఆడొచ్చు. అందుకే హన్మకొండ, కాజీపేట హాస్టల్ గదుల్లో మొదలుపెట్టడానికి వీలైన గేమ్ అదే. జోడీలో వంతులవారీగా దిగే ట్యాగ్ గేములకు లెక్క వేరు. వాటి సంగతి 8వ భాగంలో ఉంది.

1. మీ గేమ్ ఏ రకమో ముందు తేల్చుకోండి

టూవీటూ గేములు రెండు రకాలు.

మొదటి రకంలో నలుగురూ ఒకేసారి తెర మీద ఉంటారు. బ్రాల్‌హల్లా, స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ ఈ రకం. ఇక్కడ ఎదుటివాణ్ణి వేదిక బయటికి ఎగరగొట్టి ప్రాణం తీస్తారు. గెలుపు నిలబడే చోటులో, ప్రాణాల లెక్కలో ఉంటుంది.

రెండో రకంలో జట్టుకు ఒక్కడే కొట్లాడతాడు, రెండోవాడు మార్పు కోసం కాచుకుని ఉంటాడు. టెక్కెన్ ట్యాగ్ టోర్నమెంట్ 2, టూఎక్స్‌కేవో ఈ రకం. ఇక్కడ గెలుపు ఎప్పుడు మారాలన్న దాంట్లో ఉంటుంది.

ఆడే ముందు సెట్టింగ్స్‌లో చూసుకోవాల్సినవి:

- ఒక్కొక్కరికి ఎన్ని ప్రాణాలు? బ్రాల్‌హల్లా ర్యాంక్‌డ్‌లో (గెలుపోటములను బట్టి రేటింగ్ మారే ఆటలో) మూడు. స్మాష్ డబుల్స్ పోటీల్లోనూ మూడే వాడుకలో ఉంది.
- సొంతవాడి దెబ్బ మనకు తగులుతుందా? బ్రాల్‌హల్లా ర్యాంక్‌డ్ టూవీటూలో తగులుతుంది. స్మాష్ పోటీల్లోనూ తగిలేలాగే పెడతారు. గేమ్‌లో సొంత గది (మీవాళ్లకే తెరిచే ఆట) పెట్టుకుని ఆడేటప్పుడు ఈ సెట్టింగ్ ఆపేసి అలవాటు పడొద్దు, ర్యాంక్‌డ్‌కు పోయిన రోజు ఇబ్బంది పడతారు.
- ప్రాణం అప్పు తీసుకునే వీలుందా? స్మాష్‌లో ప్రాణాలన్నీ అయిపోయినవాడు జోడీవాడి దగ్గర ఒకటి తీసుకుని మళ్లీ రావచ్చు. ఎప్పుడు తీసుకోవాలో ముందే మాట్లాడుకోండి.

2. సామాను, నెట్, కూర్చునే పద్ధతి

ఈ గేములు సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తాయి. అంటే ఒక్క ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. పింగ్ (గేమ్ సర్వర్‌కు సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) ఉన్నట్టుండి 60 మిల్లీసెకన్లు పెరిగిందంటే దాదాపు నాలుగు ఫ్రేములు పోయినట్టే. తప్పించుకునే దెబ్బకూ తగిలే దెబ్బకూ మధ్య తేడా చాలాసార్లు అంతే ఉంటుంది.

పింగ్ స్థిరంగా 80 ఉంటే అలవాటు పడొచ్చు. 40 నుంచి 150కి ఎగిరి పడేదానికి ఎవరూ అలవాటు పడలేరు. కాబట్టి తక్కువ పింగ్ కన్నా నిలకడైన పింగ్ చూసుకోండి.

- రౌటర్ దగ్గరే ఉంటే ల్యాన్ కేబుల్ పెట్టండి. వీలు కాకపోతే వైఫై 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మారండి. హాస్టల్లో 2.4 మీద గదికో రౌటర్ ఉంటుంది, ఒకదాన్నొకటి నలిపేస్తాయి.
- గేమ్ సెట్టింగ్స్‌లో ఒక్కో రీజియన్ (సర్వర్ ఉన్న ప్రాంతం) మార్చి పింగ్ చూడండి. ఇద్దరిలో ఎవరి పింగ్ ఎక్కువో వాళ్లకు అనువైనదే పెట్టుకోండి. ఒకరు భూపాలపల్లిలో మొబైల్ డేటా మీద, ఇంకొకరు కాజీపేటలో ఫైబర్ మీద ఉంటే భూపాలపల్లి పింగే మీ జట్టు పింగ్.
- ఒకే ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇద్దరూ ఆడుతుంటే ఆ ఫోన్‌లో అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్ ఆపేయండి.
- బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వద్దు. శబ్దం సుమారు 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ చాలు.
- ఒకే ల్యాప్‌టాప్ మీద ఇద్దరూ ఆడితే ఒకే కీబోర్డును పంచుకోవద్దు. మామూలు కీబోర్డుల్లో ఒకేసారి నాలుగైదు కీలు నొక్కితే కొన్ని పని చేయవు. మీరు తప్పించుకునే కీ నొక్కినా పోకపోవడానికి కారణం చాలాసార్లు పక్కవాడి వేలే. ఒకరు కీబోర్డు, ఒకరు కంట్రోలర్ పట్టుకోండి.
- ఎండాకాలం కరెంటుకు నమ్మకం లేదు. రౌటర్‌కు చిన్న యూపీఎస్ లేకపోతే ర్యాంక్‌డ్ జోలికి పోకుండా ఆ గంట సాధనకు పెట్టుకోండి.

పక్కపక్కన కూర్చునే అవకాశం ఉంటే అదే మేలు. కాల్‌లో మాట ఆలస్యమవుతుంది. పక్కన ఉంటే మోచేత్తో పొడిచినా అర్థమవుతుంది.

3. జోడీ, క్యారెక్టర్లు

బ్రాల్‌హల్లాలో టూవీటూ రేటింగ్ ప్రతి జోడీకి విడిగా ఉంటుంది. కొత్తవాడితో ఆడితే కొత్త లెక్క మొదలవుతుంది. కాబట్టి పది మందితో పది ఆటలు ఆడటం కన్నా ఒకరితో నెల రోజులు ఆడితే ఎక్కడున్నారో తెలుస్తుంది.

క్యారెక్టర్లను ఎంచుకునేటప్పుడు ఒక్కటే ప్రశ్న: ముందు ఎవరు, వెనుక ఎవరు?

ముందువాడు దగ్గరికి పోయి ఎదుటివాణ్ణి డాడ్జ్ (దెబ్బ తప్పించుకునే కదలిక) వాడేలా చేస్తాడు. వెనుకవాడు ఆ డాడ్జ్ అయిపోయే చోట దెబ్బ వేస్తాడు, రెండో శత్రువు మీద కన్నేసి ఉంచుతాడు. ముందువాడికి గాంట్లెట్స్, కటార్లు, కత్తి లాంటి దగ్గరి ఆయుధాలు నప్పుతాయి. వెనుకవాడికి ఈటె, విల్లు, బ్లాస్టర్లు (తుపాకులు) లాంటి దూరం నుంచి అందుకునే ఆయుధాలు.

ఒక్కో లెజెండ్‌కు (బ్రాల్‌హల్లాలో క్యారెక్టర్ పేరు ఇది) రెండు ఆయుధాలుంటాయి కాబట్టి పాత్ర ఆట మధ్యలో మారుతుంది. బోడ్వర్‌కు కత్తీ సుత్తీ ఉంటాయి. కత్తి దొరికినప్పుడు ముందుకు పోవచ్చు, సుత్తి దొరికితే కాస్త ఆగి పెద్ద దెబ్బకు కాచుకోవచ్చు. అడాకు బ్లాస్టర్లు, ఈటె. రెండూ వెనుక నుంచి పనికొస్తాయి. ఈ ఇద్దరి జోడీ కొత్తవాళ్లకు బాగుంటుంది.

ఇద్దరూ సుత్తి, గొడ్డలి, ఫిరంగి లాంటి వెడల్పు దెబ్బల లెజెండ్లను తీసుకోవద్దు. తెర సగం మీ దెబ్బలతోనే నిండిపోతుంది, అందులో సగం మీ జోడీవాడికే తగులుతాయి.

డబ్బు పెట్టి కొనే తొందర వద్దు. ప్రతి వారం కొన్ని లెజెండ్లను ఉచితంగా ఆడనిస్తారు. నచ్చినవాణ్ణి ఆ వారమంతా టూవీటూలోనే ఆడి చూడండి. వన్‌వీవన్‌లో బాగా అనిపించినవాడు ఇక్కడ భారమవుతాడు చాలాసార్లు.

4. మాటలు: పదకొండు చాలు

మాట చెప్పి, అవతలివాడు విని, వేలు కదిలేసరికి దాదాపు ఒక సెకను పోతుంది. అందుకే జరిగినదాన్ని వర్ణించొద్దు. మీరు చేయబోయేది, అవతలివాడు చేయాల్సింది మాత్రమే చెప్పండి. ప్రతి పిలుపు రెండు మూడు అక్షరాల్లో అయిపోవాలి.

ఇక్కడి నోటికి తేలిగ్గా వచ్చే జాబితా ఇది. మీ ఊరి మాట వేరైతే అదే పెట్టుకోండి:

- నాది: వీణ్ణి నేను చూసుకుంటా, నువ్వు రెండోవాణ్ణి పట్టు.
- ఇద్దరం: వీడి మీద కలిసి పడదాం.
- ఆగు: నేను రావడం లేదు, నువ్వూ పోకు.
- ఇడు: నీ కాంబో (వరస దెబ్బలు) వదిలెయ్, ఇటు రా.
- ఎనక: నీ వెనుక ఒకడున్నాడు.
- జరుగు: పెద్ద దెబ్బ వేస్తున్నా, పక్కకు తప్పుకో.
- అయింది: వాడి డాడ్జ్ వాడేసుకున్నాడు, ఇప్పుడు కొట్టు.
- ఖాళీ: నా చేతిలో ఆయుధం లేదు.
- ఎర్ర: వాడు ఒక్క దెబ్బ దూరంలో ఉన్నాడు.
- పోయిండు: వాళ్లలో ఒకడు పడ్డాడు.
- సచ్చిన: నేను పడ్డా.

చివరి రెండింటికి జాగ్రత్త. తన చావుకు "పోయిన" అనే అలవాటుంటే మానుకోండి. నెట్ సరిగ్గా లేనప్పుడు "పోయిన", "పోయిండు" ఒకేలా వినిపిస్తాయి. ఒకదానికి ముందుకు ఉరకాలి, రెండోదానికి వెనక్కి పరిగెత్తాలి.

శత్రువులకు పేర్లు ఆట లోడ్ అవుతున్నప్పుడే పెట్టుకోండి. ఆయుధం పేరుతో పిలవొద్దు, అది మధ్యలో మారిపోతుంది. లెజెండ్ ఆకారాన్ని బట్టి "పెద్దోడు, చిన్నోడు" అనుకుంటే ఆట అయ్యేదాకా పనికొస్తుంది. ఇద్దరూ ఒకే ఎత్తులో ఉంటే బట్టల రంగు చెప్పుకోండి.

ఇంకో చిన్న సంగతి. జోడీవాడు సీనియర్ అయితే "అన్నా, మీ ఎనక ఉన్నడన్నా, జర చూడుండ్రి" అనేలోపు అన్న ప్రాణం పోతుంది. మ్యాచ్ నడిచే ఐదారు నిమిషాలు అన్నా లేదు, తమ్మీ లేదు, ఉత్త "ఎనక". మర్యాద మ్యాచ్ అయ్యాక.

5. నిలబడే చోటు

కబడ్డీ చూసినవాళ్లకు ఇది తొందరగా ఎక్కుతుంది. కార్నర్‌లో ఉన్నవాడు రెయిడర్ కాలు పట్టినప్పుడు కవర్‌వాడు కూడా అదే కాలికి వంగడు. రెయిడర్‌కూ నడిమి గీతకూ మధ్య అడ్డం పడతాడు. టూవీటూలో రెండోవాడి పని అదే. మీ జోడీవాడు కొడుతున్నవాడికి సాయం వచ్చే దారిలో మీరుండాలి.

దీన్ని మూడు నిబంధనలుగా పట్టుకోండి.

దూరం. మీ ఇద్దరి మధ్య ఒక్క డాష్‌తో (ఒక్కసారి దూసుకెళ్లి) చేరుకునేంత దూరం ఉంచండి. అంతకన్నా దగ్గరైతే ఒకే దెబ్బ ఇద్దరికీ తగులుతుంది. అంతకన్నా దూరమైతే సాయం అందే ముందే కాంబో పూర్తవుతుంది.

ఎత్తు. ఇద్దరూ ఒకే ఎత్తులో ఉండొద్దు. ఒకరు నేల మీద ఉంటే ఇంకొకరు గాలిలోనో పై అరుగు మీదో ఉండాలి. అప్పుడు ఎదుటివాడు పైకి తప్పించుకున్నా కిందికి తప్పించుకున్నా ఒకరికి దొరుకుతాడు.

వైపు. వీలైతే శత్రువును మీ ఇద్దరి నడుమ ఉంచండి, మీరు శత్రువుల నడుమ పడకండి. నడుమ పడ్డట్టు అనిపిస్తే కొట్టాలని చూడొద్దు. ఒక శత్రువు మీదుగా దూకి బయటపడి, ఇద్దరినీ ఒకే వైపున చూసుకోండి. నడుమ చిక్కినవాడు ఎదురు కొట్టాలని చూడటమే టూవీటూలో ప్రాణాలు ఎక్కువగా పోయే తప్పు.

వేదిక మీదికి ఆయుధాలు పడినప్పుడు లెక్క తేలిక. "ఖాళీ" అన్నవాడిదే ఆయుధం. ఇద్దరూ ఖాళీగా ఉంటే దానికి దగ్గరున్నవాడు తీసుకుంటాడు, రెండోవాడు ముందుకు జరిగి శత్రువులను అటు రానివ్వడు.

6. ఇద్దరూ ఒకడి మీద పడటం: వరస ఇదీ

"ఇద్దరం" అనగానే కొత్తవాళ్లు చేసే పని, ఇద్దరూ ఒకే క్షణంలో కొట్టడం. ఒక దెబ్బ తగులుతుంది, రెండోది జోడీవాడికి తగులుతుంది. శత్రువు నవ్వుకుంటూ బయటపడతాడు.

కలిసి పడటమంటే వంతులవారీగా పడటం. కిటుకు డాడ్జ్‌లో ఉంది. డాడ్జ్ చేసినవాడు వెంటనే ఇంకో డాడ్జ్ చేయలేడు, కొంత సమయం ఆగాల్సిందే. ఆ ఖాళీ సమయమే మీ జట్టు ఆస్తి.

వరస ఇలా:

1. ముందువాడు దగ్గరికి పోతాడు, కొట్టేలా కనిపిస్తాడు. నిజంగా కొడితే చిన్న దెబ్బే కొట్టాలి, పెద్దది కొట్టొద్దు.
2. వెనుకవాడు ఒక్క అడుగు ఆగి శత్రువు ఎటు డాడ్జ్ చేస్తాడో చూస్తాడు. అప్పటిదాకా వేలు బటన్ మీద ఉండొచ్చు కానీ నొక్కొద్దు.
3. డాడ్జ్ కాగానే ఎవరు ముందు చూస్తే వాళ్లు "అయింది" అంటారు.
4. వెనుకవాడు డాడ్జ్ ముగిసిన చోట దెబ్బ వేస్తాడు. ఆ దెబ్బ శత్రువును వాడి జోడీవాడికి దూరంగా తోసే వైపు ఉండాలి.
5. ముందువాడు అప్పుడు కొట్టడం ఆపి రెండో శత్రువుకు అడ్డం తిరుగుతాడు. ఇక్కడ పాత్రలు మారాయి. ఈ అయిదో మెట్టు దగ్గరే సగం జోడీలు తడబడతాయి. తనే మొదలుపెట్టిన కాంబో ముగింపు కూడా తనదే అనుకుంటారు.
6. దెబ్బ తిన్నవాడు వేదిక అంచు దాటాక ఒక్కరే బయటికి వెంటపడతారు. రెండోవాడు అంచు మీదే నిలబడతాడు. బయటికి పోయినవాడు మొదటి వల, అంచు మీద ఉన్నవాడు రెండో వల. ఇద్దరూ బయటికి దూకితే వేదిక మొత్తం రెండో శత్రువుకు రాసిచ్చినట్టే.

ఎంతసేపు వెంటపడాలి? మూడు దెబ్బలు ఖాళీగా పోయాయంటే వదిలేయండి. ఒకణ్ణి వేటాడుతూ ఇద్దరూ ఒక మూలకు పోతే రెండోవాడు తీరిగ్గా వచ్చి ఇద్దరినీ ఒకేసారి కొడతాడు.

ఎవరి మీద పడాలి అన్నదానికి జవాబు: ముందు "ఎర్ర" ఉన్నవాడు, తర్వాత తక్కువ ప్రాణాలున్నవాడు, ఆ తర్వాత ఆయుధం లేనివాడు. మీకు కోపం తెప్పించినవాడు ఈ జాబితాలో లేడు.

జోడీవాడు కాంబోలో చిక్కితే విడిపించడం కూడా ఇక్కడి పనే. విడిపించడానికి చిన్న దెబ్బగానీ, ఆయుధం విసరడంగానీ వాడండి. సిగ్నేచర్ దెబ్బ (లెజెండ్‌కు సొంతమైన పెద్ద దెబ్బ) మొదలయ్యేసరికే ఆలస్యమవుతుంది, పైగా జోడీవాణ్ణి కూడా ఎగరేస్తుంది. జోడీవాడి వైపు నుంచి కొట్టి శత్రువును బయటికి తోయండి. అటువైపు నుంచి కొడితే శత్రువు జోడీవాడి మీదికే పోతాడు.

7. సొంతవాడి దెబ్బ, ప్రాణాల లెక్క

సొంత దెబ్బలను పూర్తిగా ఆపలేరు, తగ్గించగలరు. పెద్ద దెబ్బకు ముందు "జరుగు" అనడం, అనకపోతే వేయకపోవడం. ఈ ఒక్క నిబంధన పాటించినా తేడా మొదటి రోజే కనిపిస్తుంది.

అయితే సొంత దెబ్బ ప్రతిసారీ తప్పు కాదు. మీ జోడీవాడు అంచు దగ్గర కాంబోలో చిక్కి, తర్వాతి దెబ్బకు పోయేలా ఉంటే, ఇద్దరినీ కలిపి ఒక చిన్న దెబ్బ కొట్టి విడదీయండి. కొంచెం నొప్పి, ప్రాణం దక్కుతుంది. కాకపోతే జోడీవాడు కూడా "ఎర్ర"లో ఉంటే ఈ పని చేయొద్దు. మీరే పంపించినవాళ్లవుతారు.

ఇక ప్రాణాల లెక్క. ఒక్కొక్కరికి మూడు చొప్పున జట్టుకు ఆరు. అవి ఎలా పంచి ఉన్నాయన్నది ముఖ్యం. మీ జట్టులో నాలుగు మిగిలితే 2-2గా ఉండటం 3-1గా ఉండటం కన్నా మేలు. ఒక్క ప్రాణమున్నవాడు పోయాక మూడు ప్రాణాలవాడు ఇద్దరితో ఒంటరిగా కొట్లాడాలి. ఒంటరిగా ఉన్నప్పుడు మూడు ప్రాణాలు రెండింటంత కూడా నిలవవు.

దీన్నుంచి వచ్చే పనులు:

- మీ ఇద్దరిలో ప్రాణాలు ఎక్కువున్నవాడు ముందుకు పోవాలి, తక్కువున్నవాడు వెనుకకు రావాలి. పాత్ర మీకు నచ్చినా నచ్చకపోయినా మార్చుకోండి.
- శత్రువుల్లో ఒకరికి ఒక్కటే ప్రాణం ఉంటే ఆట అంతా వాడి చుట్టే తిరగాలి.
- "పోయిండు" వినగానే ఇద్దరూ మిగిలినవాడి మీదికి పోవాలి. పడ్డవాడు తిరిగి వచ్చేదాకా కొన్ని సెకన్లు ఇద్దరు-ఒక్కడు ఆట అది.
- తిరిగి వచ్చినవాడికి కొద్ది క్షణాలు దెబ్బ తగలదు. వాడు కనిపించగానే వెనక్కి తగ్గండి. వాడితో అప్పుడు కొట్లాడటం గోడను గుద్దడమే.
- "సచ్చిన" వినగానే కొట్టడం ఆపండి. తిరగండి, దూకండి, అంచు చుట్టూ పరిగెత్తండి. జోడీవాడు వచ్చేదాకా బతికి ఉండటమే పని. ఆ కొన్ని సెకన్లలో ఒక దెబ్బ కొట్టి మురిసిపోయి ప్రాణం పోగొట్టుకోవడం పెద్ద నష్టం.

చివరికి ఒక్కరే మిగిలితే: ఇద్దరినీ ఒకే వైపు వరసలో పెట్టుకునేలా కదులుతూ ఉండండి. వెనుకవాడికి ముందున్నవాడే అడ్డమవుతాడు. సొంత దెబ్బలు తగిలే గేమ్ కాబట్టి వాళ్లే ఒకరినొకరు కొట్టుకునే అవకాశం మీకు దొరుకుతుంది. పెద్ద దెబ్బకు పోకుండా చిన్న దెబ్బలు కొట్టి తప్పుకోండి. ఆ సమయంలో పడిపోయిన జోడీవాడు మాట్లాడాల్సింది రెండే: "ఎనక", "అయింది". సలహాలు తర్వాత.

8. ట్యాగ్ గేములకైతే

టెక్కెన్ ట్యాగ్ టోర్నమెంట్ 2 (ఇళ్లలోని కన్సోళ్లకు 2012లో వచ్చింది) నలుగురు ఆడే పెయిర్ ప్లేలో ఒక్కొక్కరు ఒక్కో క్యారెక్టర్‌ను పట్టుకుంటారు. ఇద్దరిలో ఎవరి లైఫ్ అయిపోయినా రౌండ్ పోతుంది. లైఫ్ బార్‌లో ఎర్రగా మారిన భాగం బయట కూర్చుంటే తిరిగి నిండుతుంది. కాబట్టి ఎర్ర భాగం పెద్దగా ఉన్నప్పుడే బయటికి రావాలి. ఇంకొక్క కాంబో తింటే ఆ ఎర్ర భాగం కూడా పోవచ్చు. మొండికేసి లోపలే ఉండటం ధైర్యం అనిపించుకోదు.

టూఎక్స్‌కేవోలో ఇద్దరు ఛాంపియన్లూ (అక్కడి క్యారెక్టర్లు) పడితేనే రౌండ్ పోతుంది. అందుకని ఒకరిని కాస్త ఎక్కువసేపు నిలబెట్టే స్వేచ్ఛ ఉంటుంది. అలాగని మిగతా పోరు మొత్తం రెండోవాడు ఒంటరిగా చేయాల్సి వచ్చేలా ఆడొద్దు.

ఏ ట్యాగ్ గేమైనా మారే పద్ధతి ఒక్కటే. ఎదుటివాణ్ణి పడగొట్టాకగానీ, కాంబో నడుమగానీ మారాలి. ఎదుటివాడు నిలబడి, మధ్య దూరంలో చూస్తుండగా మారితే లోపలికి వచ్చేవాడు వస్తూనే దెబ్బ తింటాడు.

బయట ఉన్నవాడు ఊరికే చూస్తూ కూర్చోవద్దు. లైఫ్ బార్లు, మీటరు (ప్రత్యేక దెబ్బలకు ఖర్చయ్యే గీత) వాడి లెక్కలో ఉండాలి. లోపల ఉన్నవాడికి తన క్యారెక్టర్ తప్ప ఏదీ కనిపించదు. "మీటరుంది", "మారు" అనే రెండు మాటలు బయట ఉన్నవాడివే.

కాంబోలు ముందే పంచుకోండి. మొదటివాడు ఎదుటివాణ్ణి గాలిలోకి లేపే దాకా, అక్కణ్ణుంచి రెండోవాడు ముగించే దాకా. మొదట్లో రెండే రెండు దారులు నేర్చుకోండి: నడి వేదిక మీద ఒకటి, గోడ దగ్గర ఒకటి. ఇద్దరూ కలిసి పదికి ఎనిమిది సార్లు వేయగలిగాక మూడోది.

9. వారం సాధన

రోజుకు గంట చాలు. గంటంతా ర్యాంక్‌డ్ ఆడితే పాత తప్పులే గట్టిపడతాయి.

- సోమ, మంగళ: వంతుల దెబ్బ. సొంత గదిలో మీరిద్దరూ ఒక జట్టు, ఒక్క బాట్ (కంప్యూటర్ ఆడించే క్యారెక్టర్) ఎదురు. సొంత దెబ్బ తగిలే సెట్టింగ్ ఉంచండి. 20 నిమిషాలు 6వ భాగంలోని వరస మాత్రమే. జోడీవాడికి తగిలిన ప్రతి దెబ్బకూ కాగితం మీద గీత. మొదటి రోజు గీతలెన్నో వారాంతానికి అందులో సగం కావాలి.
- బుధ: బతికే ఆట. ఒక్కొక్కరు ఇద్దరు బాట్లతో ఒంటరిగా, 60 సెకన్లు, కొట్టకుండా. డాడ్జ్, దూకడం, పరుగు మాత్రమే. ప్రాణం పోకుండా వరసగా మూడుసార్లు దాటాలి.
- గురు: చిన్న దెబ్బల రోజు. మామూలు ఆటలే, కానీ సిగ్నేచర్లు బంద్. నిలబడే చోటు ఎంత ముఖ్యమో ఆ రోజు తెలుస్తుంది.
- శుక్ర: పదకొండు మాటల రోజు. ఆ పదకొండు మాటలు తప్ప ఇంకేం మాట్లాడొద్దు. తిట్లు కూడా లెక్కలోకే వస్తాయి.
- శని: ర్యాంక్‌డ్. పది ఆటలు, అంతకన్నా వద్దు. వరసగా మూడు ఓడితే ఆ రోజుకు ఆపేసి చాయ్‌కు పొండి.
- ఆది: రీప్లే. శనివారం ఓడిన రెండు ఆటలు తీయండి. మీ ప్రాణం పోయిన ప్రతి చోటా మూడు సెకన్లు వెనక్కి పోండి. చూడాల్సింది ఒక్కటే: ఆ సమయంలో జోడీవాడు ఎక్కడున్నాడు? చచ్చినవాడి చేతులు చూడొద్దు. తప్పు చాలాసార్లు రెండోవాడి పాదాల్లో ఉంటుంది.

ట్రైనింగ్ గదిలో దెబ్బల హద్దులు చూపించే సెట్టింగ్ ఉంటుంది. మీవి మీకు తెలుసు, కాబట్టి ఒకరోజు మీ జోడీవాడి దెబ్బల హద్దులు చూడండి. ఎక్కడ నిలబడొద్దో అప్పుడు అర్థమవుతుంది.

10. తరచూ వచ్చే తప్పులు, వాటికి మందు

ఇద్దరూ చెరో శత్రువును పంచుకుని రెండు వన్‌వీవన్‌లు ఆడటం. ఇది తప్పని తెలియక కాదు, హాయిగా ఉంటుంది కనుక చేస్తారు. మందు: ప్రతి అర నిమిషానికి ఒక్కసారైనా "ఇద్దరం" పిలుపు రావాలి. రాకపోతే మీరు జోడీగా ఆడటం లేదు.

ఒకడే మాట్లాడటం. మాట్లాడేవాడి కళ్లు అలిసిపోతాయి, వినేవాడు తన కళ్లు వాడటం మానేస్తాడు. మందు: వెనుక పాత్రలో ఉన్నవాడిదే మాట. పాత్ర మారితే మాట కూడా మారుతుంది.

కాంబో కక్కుర్తి. జోడీవాడు చిక్కి "ఇడు" అని అరుస్తుంటే తన మూడో దెబ్బ కోసం ఆగటం. మందు: "ఇడు" విన్నాక కొట్టిన దెబ్బకు వచ్చిన ప్రాణం లెక్కలోకి రాదని ఇద్దరూ ఒప్పుకోండి. చాయ్ పందెం పెట్టుకుంటే ఇంకా తొందరగా పోతుంది ఈ అలవాటు.

"సారీ" చెప్పడం. ఆట మధ్యలో సారీ చెప్పే సెకనులో ఇంకో ప్రాణం పోతుంది. రీప్లేలో చెప్పుకోండి.

ఓడినప్పుడల్లా క్యారెక్టర్ మార్చడం. కనీసం 30 ఆటలు ఒకే జోడీ క్యారెక్టర్లతో ఆడాకే మార్చే మాట ఎత్తండి. అంతకుముందు ఓడేది మీరు, క్యారెక్టర్ కాదు.

11. పోటీ రోజు, ఆటకు ముందు చూసుకోవాల్సినవి

- కంట్రోలర్, దాని తీగ, ఇంకో తీగ స్పేర్.
- నిర్వాహకులను మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని ప్రాణాలు, సొంత దెబ్బ ఉందా లేదా, ఎన్నింట్లో ఎన్ని గెలవాలి.
- ఆడబోయే తెర మీద ఒక్క వార్మప్ ఆట. టీవీ అయితే దానిలో గేమ్ మోడ్ ఆన్ చేయమని అడగండి. లేకపోతే బటన్ నొక్కిన తర్వాత దెబ్బ కనిపించడానికి టీవీయే ఆలస్యం చేస్తుంది.
- ఎడమ పక్క ఎవరు, కుడి పక్క ఎవరు కూర్చోవాలో సాధనలో ఎలా ఉంటే అలాగే.
- ఎవరు ముందు, ఎవరు వెనుక: ఒక్కసారి నోటితో చెప్పుకోండి.
- లోడింగ్ తెర మీద పెద్దోడెవరో, చిన్నోడెవరో తేల్చుకోండి.
- ఒక ఆట ఓడితే తర్వాతి ఆటకు ఒక్కటే మార్పు. "ఈసారి చిన్నోడి మీద ముందు పడదాం" లాంటిది. రెండు మార్పులు పెట్టుకుంటే ఒక్కటీ గుర్తుండదు.